ఎండతో డంప్‌యార్డ్ నల్లనీళ్లు శుభ్రమవుతాయా?

ప్రశ్న: మాది దమ్మాయిగూడ. జవహర్‌నగర్ డంప్‌యార్డ్ నుంచి ఊరే నల్లనీళ్లను హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ సాయంతో శుభ్రం చేయడం ఎం.టెక్ ప్రాజెక్టుగా తీసుకున్నాను. ఇది పనిచేస్తే మల్కారం చెరువులాంటి చోట్ల పెరాక్సైడ్ నేరుగా కలిపేయొచ్చా మేడమ్?
– ఒక విద్యార్థి

జవాబు: చెరువులో మాత్రం పోయొద్దు నాయనా. అందులో మిగిలి ఉన్న చేపలకూ సూక్ష్మజీవులకూ పెరాక్సైడ్ హాని చేస్తుంది. పైగా అంత నల్లటి నీటిలో ఎండ పైపైనే ఆగిపోతుంది. ప్రాజెక్టు మాత్రం తప్పకుండా చెయ్యి. వ్యర్థజలాల ల్యాబ్‌లోనే ఉద్యోగమంతా చేసినదాన్ని, ఈ నీళ్ల మీద పనిచేసే పిల్లలు ఇంకా రావాలని నా కోరిక.

పెరాక్సైడ్ ఒక్కటే చాలదు, ఇనుము కావాలి. ఫెంటన్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త 1894లో వెల్లడించిన చర్య ఇది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్)లోని ఇనుము పెరాక్సైడ్‌ను విడగొడితే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన కణం పుడుతుంది. అది ఎదురుపడ్డ సేంద్రియ పదార్థాన్నల్లా ముక్కలు చేస్తుంది. ఈలోగా ఫెర్రస్ రూపంలోని ఇనుము ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్ రూపానికి మారి పని మందగిస్తుంది. ఎండ దాన్ని మళ్లీ ఫెర్రస్‌గా మారుస్తుంది. అందుకే కొద్దిపాటి అన్నభేదితో పని నడుస్తుంది, చివర్లో ఇనుప బురదా తగ్గుతుంది.

దీనికి పీహెచ్ 2.8 దగ్గర ఉండాలి, అంటే నీళ్లకు ఆమ్లం కలపాలి. అసలు తంటా ఇక్కడే. పాత డంప్ నీళ్లలో బైకార్బనేట్ బాగా ఉంటుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం పడగానే బుసబుసమంటూ గోధుమరంగు నురగ లేచి బీకరు అంచు దాటి బల్ల మీదికి పారుతుంది. సగానికి మించి నింపకు, ఆమ్లం చుక్కచుక్కగా వెయ్యి. నీళ్లలో సల్ఫైడ్ ఉంటే విషవాయువు వస్తుంది కాబట్టి వాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ కిందే చెయ్యాలి, ఇంటి డాబా మీద వద్దు. నురగ అణిగాక హ్యూమిక్ పదార్థం (చెత్త కుళ్లగా మిగిలే ముదురు రంగు సేంద్రియం) కొంత ముద్దలు కట్టి అడుక్కి దిగుతుంది. దాన్ని వడకట్టి, రంగు పలచబడ్డ నీళ్లనే ఎండలో పెట్టు.

ఇంత ఆమ్లం వద్దనుకుంటే వేరుశనగ రైతును అడుగు. ఆకులు పాలిపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. నిమ్మ ఉప్పు ఇనుమును అడుక్కి దిగిపోకుండా నీళ్లలోనే కరిగి ఉండేలా పట్టి ఉంచుతుంది. ఈ నీళ్లలోనూ అదే కిటుకు పనికొస్తుంది. పైగా ఆ జంట కంటికి కనిపించే వెలుగును కూడా కొంత వాడుకుంటుంది. కాకపోతే నిమ్మ ఉప్పూ సేంద్రియమే, సీఓడీ (నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ కొలత) లెక్కలో కలుస్తుంది.

స్పెయిన్‌లో అల్మెరియా దగ్గరి తబెర్నాస్ ఎడారిలో, వంపు అద్దాల మీద గాజు గొట్టాలు పరిచి ఇలాంటి నీటిశుద్ధి మీద ఏళ్లుగా పరిశోధిస్తున్నారు. మనకూ ఎండకు కొదవ లేదు. అయినా ఈ పద్ధతి ఒక్కదానితోనే నీళ్లు చెరువులోకి వదిలేంత శుభ్రం కావు. అమ్మోనియా దాదాపు అలాగే ఉండిపోతుంది. నా సలహా: సూక్ష్మజీవులు అరిగించుకోలేని పెద్ద అణువులను విరగ్గొట్టడానికే ఎండను వాడు. తర్వాత ఆమ్లం విరిచి, ఇనుమును అడుక్కి దించి వేరుచేసి, సూక్ష్మజీవులతో చేసే జీవశుద్ధికి పంపు.

ఒక జాగ్రత్త. నమూనాలో పెరాక్సైడ్ మిగిలి ఉంటే సీఓడీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పరీక్షకు ముందు పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచి చూడు. రంగు మారితే అది పోయేదాకా ఆగి, అప్పుడు కొలువు.