‘ఎదురు ప్రశ్నలు లేవు’ అన్న కాగితంపై సంతకం పెట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

సందేహం: నేను ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్‌ని. పన్నెండేళ్ల సర్వీసు. ప్రభుత్వ ఆసుపత్రిలో రిమాండు ఖైదీకి కాపలా ఉండగా అతను బాత్రూము కిటికీలోంచి పారిపోయాడు. ఆ రాత్రి డ్యూటీకి ఇద్దరిని వేశారు కానీ, రెండో కానిస్టేబుల్‌ని పది గంటలకే వేరే బందోబస్తుకు పిలిపించారు. నన్ను సస్పెండ్ చేసి, నిర్లక్ష్యం వహించానని, బేడీలు వేయలేదని ఛార్జ్ మెమో ఇచ్చారు. ఓఈ (ఓరల్ ఎంక్వైరీ, అంటే శాఖాపరమైన విచారణ) నడుస్తోంది. రోజువారీ డ్యూటీలు, కదలికలు రాసే జనరల్ డైరీ నకలు అడిగితే "నీకెందుకయ్యా" అన్నారు. మొన్న ఒక సాక్షి వాంగ్మూలం అయ్యాక, కింద ‘ఎదురు ప్రశ్నలు లేవు’ అని టైపు చేసి ఉన్న కాగితంపై సంతకం పెట్టమంటే పెట్టాను. వకీలును పెట్టుకోవచ్చా? ఉద్యోగం పోతుందా?

సమాధానం: ముందు ఆ సంతకం సంగతి చూద్దాం. పంచనామాలో ఒక్క సంతకం తేడా వస్తే కేసు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎదుటివారి ఫైలు అంత జాగ్రత్తగా కట్టే పోలీసు, తన ఫైలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఎస్ సార్’ అని చూపించిన చోట సంతకం చేసి వస్తాడు. నా దగ్గరికి వచ్చే పోలీసు సర్వీసు కేసుల్లో సగం ఇక్కడే దెబ్బతిని ఉంటాయి.

రేపే ఎంక్వైరీ అధికారికి ఒక దరఖాస్తు ఇవ్వండి. ఫలానా తేదీన ఎదురు ప్రశ్నలు వేసే అవకాశం నాకు ఇవ్వలేదు, టైపు చేసి ఉన్న కాగితంపై సంతకం చేయమంటే చేశాను, ఆ సాక్షిని మళ్లీ పిలిపించండి అని రాయండి. ఒప్పుకుంటే మంచిదే. కాదంటే ఆ నిరాకరణ కూడా ఫైలుకెక్కుతుంది, రేపు మీకు అదే ఆధారం. ఎందుకంటే శాఖాపరమైన విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టులా కూర్చోదు. 1963లో శ్రీరామారావు కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. ఆయన కూడా మన ఆంధ్రప్రదేశ్ సబ్ ఇన్‌స్పెక్టరే. పద్ధతి ప్రకారం విచారణ జరిగిందా, నిర్ణయానికి అసలంటూ ఏదైనా సాక్ష్యం ఉందా అన్నది చూస్తారు తప్ప, మీరు అమాయకులా కాదా అని మొదటి నుంచీ తూచరు. ఫైలులో లేని అన్యాయం కోర్టు కంటికి కనబడదు.

ఇక పత్రాలు. రెండు రాష్ట్రాల్లోనూ మీకు వర్తించేవి 1991 నాటి సీసీఏ (ఉద్యోగుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనలు. పెద్ద శిక్షలకు దారితీసే విచారణ ఎలా జరగాలో 20వ నిబంధన చెబుతుంది. అభియోగాలతో పాటు సాక్షుల జాబితా, పత్రాల జాబితా మీకు అందాలి. జాబితాలో లేనివి కూడా మీ వాదనకు అవసరమని కారణం చూపి అడగవచ్చు. మీ ప్రాణమంతా ఆ జనరల్ డైరీలోనే ఉంది. రాత్రి పది గంటలకు రెండో మనిషిని ఎవరు, ఎవరి ఆదేశంతో తీసుకెళ్లారో అందులో ఉండాలి. దానితో పాటు మీ డ్యూటీ పాస్‌పోర్టు (డ్యూటీకి పంపుతూ రాసిచ్చే కాగితం), ఆ రోజు డ్యూటీ రోస్టరు, ప్రాథమిక విచారణలో సాక్షులు ఇచ్చిన వాంగ్మూలాలు అడగండి. నోటితో కాదు, రాతలో. ఆధారపడిన పత్రాలు, వాంగ్మూలాల నకళ్లు ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగికి నష్టం జరిగితే ఆ విచారణ నిలవదని 1986లో కాశీనాథ్ దీక్షిత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

బేడీల అభియోగం చదివి నాకు నవ్వొచ్చింది. కోర్టు అనుమతి లేకుండా విచారణ ఖైదీకి మామూలుగా బేడీలు వేయకూడదని 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసు నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ కొన్ని తీవ్ర నేరాల్లో, అరెస్టు సమయంలో, కోర్టుకు హాజరుపరిచేటప్పుడు వేయవచ్చంటోంది. మీది ఆసుపత్రి కాపలా. బేడీలకు కోర్టు అనుమతి తీసుకున్నారా అని ఎదురు ప్రశ్నల్లో అడగండి. తీసుకోకపోతే, వేసి ఉంటే అదే మరో మెమో అయ్యేది కదా!

వకీలు హక్కుగా రాడు. మీ తరఫున మరో ప్రభుత్వ ఉద్యోగిని సహాయకుడిగా పెట్టుకోవచ్చు. శాఖ తరఫున అభియోగాలు వినిపించే అధికారి న్యాయవాది అయితేనో, అధికారులు ప్రత్యేకంగా అనుమతిస్తేనో వకీలుకు చోటు. నిజం చెప్పాలంటే సర్వీసు రూల్స్ నమిలి మింగిన ఒక ఆఫీసు సూపరింటెండెంటు ఆ గదిలో నాకంటే మీకు ఎక్కువ పనికొస్తారు.

విచారణ పూర్తయి ‘ప్రూవ్డ్ మినిట్’ (అభియోగం రుజువైందన్న నివేదిక) రాసినా కథ అయిపోదు. ఆ నివేదిక నకలు ఇచ్చి, మీ జవాబు తీసుకున్నాకే శిక్ష నిర్ణయించాలి. ఇది 1993లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ సంస్థ మీద వచ్చిన కరుణాకర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం పెట్టిన నియమం. ఆ జవాబును రెండు పంక్తుల్లో తేల్చేయకండి.

ఉద్యోగం పోతుందా అంటే, 311వ అధికరణం ప్రకారం మిమ్మల్ని నియమించిన అధికారి కంటే కింది స్థాయి వారు డిస్మిస్ చేయలేరు. మామూలుగా విచారణ లేకుండానూ చేయకూడదు. ఖైదీతో కుమ్మక్కయ్యారన్న ఆరోపణ మీ మెమోలో లేదు, నిర్లక్ష్యమే ఉంది. ఒంటరిగా వదిలేశారన్నది రుజువైతే డిస్మిసల్ దాకా వెళ్లడం కష్టం, పీపీఐ (ఇంక్రిమెంటు వాయిదా) దగ్గర ఆగవచ్చు. ఆరోగ్య కారణాలతో రెండు నెలలకు పైగా రాని ఢిల్లీ కానిస్టేబుల్‌ని ఉద్యోగం నుంచి తీసేస్తే, 2004లో భగవాన్ లాల్ ఆర్య కేసులో ఆ శిక్ష తప్పుకు మించిందని సుప్రీంకోర్టు కొట్టేసింది.

సస్పెన్షన్‌లో ఇచ్చే జీవనభృతి సక్రమంగా అందుతోందా? మీరు రాయలేదు. అందకపోతే వెంటనే రాతపూర్వకంగా అడగండి. 1999 నాటి పాల్ ఆంథోనీ కేసులో, భృతి అందక విచారణకు రాలేకపోయిన ఉద్యోగి లేకుండానే జరిపిన విచారణ చెల్లకుండా పోయింది. మీ మీద క్రిమినల్ కేసు కూడా పెట్టి ఉంటే, ఓఈలో లిఖిత వాంగ్మూలం ఇచ్చే ముందు ఆ కేసు చూసే వకీలుకు ఒకసారి చూపించండి. రెండూ పక్కపక్కనే నడవవచ్చు. అక్కడ నిర్దోషిగా బయటపడ్డా ఇక్కడ దానంతటదే ఊరట రాదు.

ఒక్కటి మాత్రం చేయకండి. మీ గోడును వాట్సాప్‌లోనో విలేకరి దగ్గరో వెళ్లగక్కవద్దు. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం ఉంది, దానితో మరో మెమో వస్తుంది. పెట్టే ప్రతి దరఖాస్తుకూ తపాలు సెక్షన్‌లో ముద్ర వేయించుకోండి. వాళ్లు తీసుకోబోమంటే స్పీడ్ పోస్టులో పంపి, రసీదును ఆ ఛార్జ్ మెమోకే గుచ్చి ఉంచండి.