ఎరువు ఫలితం ఒక్క పంటలో తేలదు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే పంట నుంచి రసాయన ఎరువులు పూర్తిగా ఆపేసి, పశువుల ఎరువుతోనే సాగు చేస్తానని రాశావు. సంతోషం. కానీ ఒక్కసారిగా ఆపకు నాయనా.

టన్ను పశువుల ఎరువులో నత్రజని ఉండేదే సుమారు 5 కిలోలు. అందులో మొదటి పంటకు అందేది మూడో వంతు అనుకో. 45 కిలోల యూరియాలో నత్రజని 20 కిలోల పైనే. దానికి సాటి రావాలంటే మొదటి ఏడాది పన్నెండు టన్నుల పైనే తోలాలి. రెండు ట్రాక్టర్లు తోలి ఊరుకుంటే పైరు పాలిపోతుంది, నీకు ఎరువు మీదే నమ్మకం పోతుంది. నా భయం అదే.

మిగిలిన రెండు వంతులు ఎక్కడికీ పోవు, చాలావరకు నేలలోనే ఉండి మెల్లగా అందుతాయి. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేసి చూస్తున్నారు. ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేసిన మడి, సరిపడా రసాయన ఎరువులు వేసిన మడి దశాబ్దాల పాటు ఇంచుమించు సమానంగా పండాయి. ఏమీ వేయని మడి హెక్టారుకు టన్ను దగ్గరే ఆగింది. అక్కడే ఒక బార్లీ మడికి 1852 నుంచి 1871 వరకు పశువుల ఎరువు వేసి మానేశారు. వందేళ్లు దాటాక కూడా, ఎన్నడూ ఎరువు ఎరగని మడి కంటే అందులో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఎరువూ ఆకూ అలమా నేలలో మిగిల్చే సారం, ఎక్కువగానే ఉంది! ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే నేను ఒక పొలం చెక్కలో ఏళ్ల తరబడి యూరియా ఒక్కటే వేశాను. మొదట్లో పైరు నల్లగా, ఏపుగా వచ్చింది. తర్వాత ఎంత పెంచినా గింజ పెరగలేదు. నత్రజని తోసిన కొద్దీ పైరు భాస్వరం, పొటాష్, జింకు లాగేసుకుంది. నేను తిరిగి పెట్టలేదు. ఒకరోజు ఆ చెక్కలోని ఎండు మట్టిగడ్డ ఒకటి, పెరటి పాదులోది ఒకటి తెచ్చి రెండు గ్లాసుల నీళ్లలో వేశాను. పెరటి గడ్డ అలాగే నిలబడింది. చెక్కలోది చూస్తుండగానే విడిపోయి బురదైంది. సేంద్రియ కర్బనం తగ్గిన మట్టికి పట్టు ఉండదు మరి. నువ్వూ వేసి చూడు.

ముందు భూసార పరీక్ష చేయించు. అందులో చెప్పిన మోతాదు తగ్గించకుండానే ఎకరాకు నాలుగైదు టన్నులు మాగిన ఎరువు కలుపు. రెండు మూడేళ్లయ్యాక నత్రజనిలో పావు వంతు తగ్గించి చూడు. కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు, గడ్డి పోచ కనపడకూడదు. పచ్చి పెంట వేస్తే అది కుళ్లడానికి నేలలోని నత్రజనినే వాడుకుంటుంది, పైగా కలుపు విత్తనాలు మోసుకొస్తుంది. తోలిన రోజే దున్ని కలిపెయ్. ఎండలో వదిలేస్తే నత్రజని గాలికి పోతుంది.

పొలంలో ఒక మూల మూడు చిన్న మడులు విడిగా ఉంచు: ఒకటి రసాయన ఎరువులకి, ఒకటి పశువుల ఎరువుకి, ఒకటి రెండూ కలిపి. దేని గింజ దానికే తూచి పుస్తకంలో రాసుకో. ఐదేళ్ల దాకా మడులు మార్చకు.

వానలు మొదలయ్యేలోపు కుప్ప మీద పట్టా కప్పు. మొదటి పంట తూకాలు నాకు రాసి పంపించు.

మీ పెదనాన్న