గేమింగ్ ల్యాప్‌టాప్ కొనకపోతే మా అమ్మాయి వెనకబడిపోతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చింది. ఏఐ వైపు వెళ్లాలంటే గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ ల్యాప్‌టాప్ ఉండి తీరాలని తెలిసినవాళ్లంతా అంటున్నారు. అది మా స్తోమతకు మించింది, వాయిదాల మీద తీసుకోవాలి. మామూలు కొత్త ల్యాప్‌టాప్ కొని తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చా? లేక ఆఫీసుల్లో వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్‌ది తీసుకోవాలా? మూడింటినీ పోల్చి చెప్పండి. చవకది కొనిచ్చి పిల్ల భవిష్యత్తు పాడుచేశామని అనిపించుకోవాలని లేదు. – ఒక తండ్రి

సలహా: మీ అసలు ప్రశ్న ఆఖరి వాక్యంలో ఉందండీ. ముందు దానికే జవాబు చెప్తాను. పాడవదు. మొదటి రెండేళ్లలో ఆమె రాసేవి సీ, పైథాన్, జావా, డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్. ఇవన్నీ ఐదారేళ్ల కిందటి ప్రాసెసర్ మీద కూడా హాయిగా నడుస్తాయి. లాజిక్ తప్పితే గేమింగ్ ల్యాప్‌టాప్‌లోనూ తప్పు జవాబే వస్తుంది, కాకపోతే కాస్త తొందరగా వస్తుంది.

ఇక ఏఐ కోసం గ్రాఫిక్స్ కార్డు అనే మాట. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. అందుబాటు ధరలో దొరికే గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఆర్‌టీఎక్స్ 2050, 3050 కార్డులుంటాయి. వాటి సొంత మెమరీ చాలా మోడళ్లలో 4 జీబీ. 4050కి వెళ్తే 6 జీబీ. 700 కోట్ల పారామీటర్లున్న (అంటే శిక్షణలో నేర్చుకుని దాచుకునే అంకెలు) భాషా మోడల్‌ని ఒక్కో అంకెకు 16 బిట్ల చొప్పున లోడ్ చేయడానికే దాదాపు 14 జీబీ కావాలి, శిక్షణ ఇవ్వాలంటే అంతకు ఎన్నో రెట్లు. 4 బిట్లకు కుదిస్తే 4 జీబీ దరిదాపుల్లోకి వస్తుంది. అదీ నడిపి చూడటానికే, అదీ ఇరుకిరుగ్గానే. అంటే పెద్ద పనికి ఆ కార్డు చాలదు. సైకిట్ లెర్న్ అనే పైథాన్ లైబ్రరీతో చేసే క్లాసు ప్రాజెక్టుల్లాంటి చిన్న పనికి అసలు కార్డే అక్కర్లేదు.

మధ్యలో మిగిలేవి బొమ్మల్ని గుర్తుపట్టే చిన్న మోడల్‌కి శిక్షణ ఇవ్వడం లాంటివి. వాటికి గూగుల్ కొలాబ్‌లో (బ్రౌజర్ నుంచే గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడుపుకునే చోటు) 16 జీబీ టీ4 కార్డు ఉచితంగా వాడుకోవచ్చు. అలాంటిదే అయిన కాగిల్ సైట్‌లోనూ వారానికి ఇన్ని గంటలని ఇస్తారు. అడిగినప్పుడల్లా దొరకదు, సెషన్ మధ్యలో తెగిపోతుంది కూడా. కాబట్టి ఒక్కో ఎపోక్ (డేటా మొత్తం మీద ఒక విడత శిక్షణ) అయ్యాక చెక్‌పాయింట్‌ని, అంటే అప్పటిదాకా మోడల్ నేర్చుకున్నదాన్ని, గూగుల్ డ్రైవ్‌లో దాచుకోవడం అలవాటు చేసుకోవాలి. అది చికాకే గానీ, ఉద్యోగంలో చేరాక కూడా ఆమె మోడళ్లు ఎక్కడో ఉన్న సర్వర్ల మీదే నడుస్తాయి.

'ఏఐ పీసీ' స్టిక్కర్ చూసి కూడా కంగారు పడకండి. మైక్రోసాఫ్ట్ 2024లో తెచ్చిన కోపైలట్ ప్లస్ పీసీలకు కనీసం 40 టాప్స్ (సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు) వేగమున్న ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసమే ఉండే ప్రాసెసర్ భాగం), 16 జీబీ ర్యామ్, 256 జీబీ స్టోరేజీ ఉండాలన్నారు. వీడియో కాల్‌లో మన వెనకున్నది మసకబార్చడం, మాటల్ని క్యాప్షన్లుగా చూపడం లాంటివి ఆ ఎన్‌పీయూ పనులు. పైటార్చ్ అనే ఏఐ లైబ్రరీలో మోడల్‌కి శిక్షణ ఇస్తుంటే అది మామూలుగా ఖాళీగానే కూర్చుంటుంది. ఆ మూడింటిలో మీ అమ్మాయికి రోజూ అక్కరకొచ్చేది 16 జీబీ ర్యామే. ఏఐకి ముందుగా కావలసింది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ. వాటికి నోట్‌బుక్ కావాలి నిజమే, కానీ కాగితాలున్నది.

అన్‌రియల్ ఇంజిన్‌లో గేములు తయారుచేయడం, త్రీడీ, భారీ వీడియో ఎడిటింగ్ అయితే కార్డు కావాలి. ఐఫోన్ యాప్‌లు రాయాలంటే ఎక్స్‌కోడ్ అనే యాపిల్ సాఫ్ట్‌వేర్ కోసం మ్యాకే కావాలి. అటు మొగ్గుతుందో లేదో రెండో ఏడాది చివరికి గానీ తెలియదు.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అనక తప్పదు, కోపం తెచ్చుకోకండి. తెలిసినవాళ్లు ఏమన్నారో రాశారు, మీకేం భయమో రాశారు. మీ అమ్మాయి ఏమందో ఒక్క ముక్క లేదు. అడిగారా? వాయిదాల మీద కొన్న వస్తువు ఊరికే ఉండదండీ, రోజూ లెక్క అడుగుతుంది. రేపు ఒక సబ్జెక్టు తప్పితే "నీకోసం అంత పెట్టి కొన్నాం కదా" అని ముందు మీ నోటి నుంచే వస్తుంది. పైగా అవి చాలావరకు రెండు కిలోలు దాటే యంత్రాలు, ఛార్జర్ బరువు వేరే. క్లాసులో ప్లగ్ పాయింట్ పక్కన చోటు వెతుక్కోవాల్సింది మీరు కాదు.

గేమింగ్‌ది పక్కన పెడదాం. కొత్తది కొంటే ప్రాసెసర్ పేరులో పెద్ద అంకె చూసి మోసపోవద్దు. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 వరుస ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో చూడాల్సింది మూడో అంకె. 7520యూలో అది 2, అంటే లోపల ఉన్నది పాత జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు. 7530యూ అయితే జెన్ 3, ఆరు కోర్లు. పేరులో తేడా పది, పనిలో తేడా ఒక తరం. పైగా 7520యూతో వచ్చే ర్యామ్ బోర్డు మీదే సోల్డర్ చేసి (ఊడదీయలేకుండా అతికించి) ఉంటుంది. 8 జీబీది కొన్నారా, చివరిదాకా 8 జీబీయే. 'తర్వాత పెంచుకుందాం' అన్న మీ ఆలోచన అక్కడే ఆగిపోతుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (నెమ్మదిగా నడిచే చవక స్టోరేజీ) ఉన్నవి మరీ చవకగా దొరుకుతాయి. వాటి జోలికే పోవద్దు.

సెకండ్ హ్యాండ్‌లో థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు వరుసలే చూడండి. గట్టిగా ఉంటాయి, ఎలా విప్పాలో చెప్పే సర్వీస్ మాన్యువల్ కంపెనీల సైట్లలోనే దొరుకుతుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం గానీ ఆ పైది గానీ ఉండాలి. కాబట్టి 7వ తరం ఎంత చవకైనా వద్దు. మోడల్ నంబర్ కచ్చితంగా చూడండి. థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లుంటాయి. దాని తర్వాత వచ్చిన టీ490లో కొంత ర్యామ్ సోల్డర్ చేసి, ఒక్క స్లాటే ఇచ్చారు.

డబ్బు ఇచ్చేముందు కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ (powercfg /batteryreport) కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీయించండి. డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 30,000 చూపిస్తే బ్యాటరీలో మిగిలింది 60 శాతమే. కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమనండి. బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగులు) వెళ్లి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే తీసుకోవద్దు. రీసెట్ చేసి ఇంటర్నెట్‌కి కలిపాక ఏదో సంస్థ లాగిన్ పేజీ వస్తే, అది ఇంకా ఆ సంస్థ లెక్కలోనే ఉందన్నమాట. వెనక్కిచ్చేయండి.

ఇలా పరీక్షించే వీలు, నచ్చకపోతే తిప్పి ఇచ్చే గడువు ఉంటే నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే. లేదంటే ఒక్క ర్యామ్ స్లాటైనా ఖాళీగా ఉన్న మామూలు కొత్తది. రెండింటిలో ఏదైనా తప్పు కాదు, రాత్రి నిద్ర పోండి.

ర్యామ్ కొనేముందు టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరవండి. స్లాట్లు రెండింటిలో ఒకటే వాడుతోందని ఉంటే సుఖం. ఫారమ్ ఫ్యాక్టర్ దగ్గర 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అది సోల్డర్ చేసినది. ర్యామ్‌లోనూ తరాలున్నాయి, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 స్టిక్ దిగదు, గాడి వేరే చోట ఉంటుంది. 8 ఉన్నచోట ఇంకో 8 వేస్తే రెండు ఛానళ్లు (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు) కలిసి పనిచేస్తాయి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా మెరుగవుతుంది. మెమరీ ధరలు ఒక్కోసారి బాగా ఎగబాకుతాయి, అందుకని స్టిక్ ధర కూడా కలిపే బడ్జెట్ వేసుకోండి. ఎస్‌ఎస్‌డీ మార్చాలంటే ఉన్నది 2280 (80 మి.మీ. పొడవు) సైజుదా 2242 (42 మి.మీ.) సైజుదా, రకం ఎన్‌వీఎంఈనా సాటానా చూసి తీసుకోవాలి. మార్చేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. చాలామంది ఇరుక్కునేది అక్కడే.

మూత మీరు విప్పకండి, అమ్మాయి చేత విప్పించండి. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ వరుసలోనే కాగితం మీద పెట్టుకోవాలి. పొడవు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే పైన కీబోర్డు పక్క ప్లాస్టిక్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. స్టిక్‌ని సుమారు 30 డిగ్రీల వాలులో గాడిలోకి పూర్తిగా దింపి, ఆ తర్వాతే కిందికి నొక్కాలి, రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. మూత బిగించి ఆన్ చేశాక, డీడీఆర్5 అయితే కొత్త మెమరీని సరిచూసుకునే దాకా స్క్రీన్ నల్లగా ఉండిపోవచ్చు, రెండు మూడు నిమిషాలు పట్టినా పట్టొచ్చు. ఆ కాసేపు మీరు పవర్ బటన్ మీదికి చెయ్యి పోనివ్వకండి, "పాడు చేశావా?" అని కూడా అడక్కండి.