అడిగిందే మళ్లీ అడుగుతున్నారెందుకు?

ప్రశ్న: మా బాపుకు మెదడులో కుడి పక్క గడ్డ ఉంది. వచ్చే వారం వరంగల్‌ల ఆపరేషన్. వచ్చిన సిస్టరల్లా పేరేంది, ఏ పక్క ఆపరేషన్ అని అడుగుతున్నరు. కేస్ షీట్ చూసుకోరా? లోపల నర్సు పని కత్తెర అందించుడేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కేస్ షీట్ చేతిలో పెట్టుకునే అడుగుతారు. షీటు, చేతి పట్టీ, స్కాన్ ఫిల్మ్, పేషెంట్ నోటి మాట, నాలుగూ కలవాలి. ఫిల్మ్ తిరగేసి పెడితే కుడి ఎడమైపోతుంది. ‘కుడి పక్కే కదా?’ అంటే భయంలో ఎవరైనా తలూపుతారు, అందుకే ‘ఏ పక్క?’ అని అడగాలి. బాపు చెప్పగలిగితే మీరు అందుకోకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్ ప్రకారం మత్తుకు ముందు, కోతకు ముందు, థియేటర్ వదిలే ముందు అందరూ ఆగి సరిచూసుకోవాలి. కోతకు ముందటి 60 నిమిషాల్లో యాంటిబయాటిక్ పడిందా అన్నదీ అందులోనే ఉంటుంది.

ఇక లోపల నర్సు పని కత్తెర అందించడమొక్కటే కాదు, ఇవన్నీ చూసుకోవాలి. తలను మూడు మొనల క్లాంప్‌లో బిగించాక మనిషి గంటల తరబడి కదలడు. మోచేతి కింద మెత్త లేకపోతే నరం నొక్కుకుని చిటికెన వేలు మొద్దుబారుతుంది. కళ్లకు టేపు వేయకపోతే తల తుడిచే మందు జారి నల్లగుడ్డును దెబ్బతీస్తుంది. ఆ మందులో స్పిరిట్ ఉంటే పూర్తిగా ఆరాలి. తడి మీద రక్తం కారకుండా కాల్చే కరెంటు మెషీన్ వాడితే నిప్పంటుకోవచ్చు.

అన్నింటికన్నా ఓపిక కావాల్సింది లెక్కకు. మెదడు మీద పరిచే చిన్న పత్తి ముక్కలను ప్యాటీలంటారు. రక్తంలో తడిస్తే చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతాయి. అందుకే ప్రతిదానికీ పొడవాటి దారం, ఎక్స్‌రేలో కనబడే గీత ఉంటాయి. సర్జన్ పక్కనే ఉండి పనిముట్లు అందించే స్క్రబ్ నర్సు, కావాల్సినవి తెచ్చిచ్చే సర్క్యులేటింగ్ నర్సు ఇద్దరూ పైకి వినబడేలా లెక్కపెడతారు: మొదట్లో, మెదడు పొర మూసే ముందు, చర్మం కుట్టేటప్పుడు. ఒకటి తగ్గితే రక్తం పీల్చే సక్షన్ గొట్టం మొన, గుడ్డల మడతలు, చెత్త బుట్ట, నేల అన్నీ వెతకాలి. దొరక్కపోతే ఎక్స్‌రే. సర్జన్ ఎంత పెద్దవారైనా ‘లెక్క కుదరలేదు, ఆగండి సార్’ అనగలిగే నర్సే మంచి నర్సు.

మీవైపు నుంచి: ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం గడ్డకట్టనీయని మందులు వాడుతుంటే ఇవాళే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపకండి. కట్టుడు పళ్లు, మందుల అలర్జీ దాచకండి. ఇంకోటి, ఆపరేషన్‌కు ముందే వేములవాడ మొక్కు తీర్చుకుందామని గుండు చేయించకండి. మంగలి కత్తి గాట్లలోంచి ఇన్‌ఫెక్షన్ రావచ్చు. వెంట్రుకలు తీయాల్సి వస్తే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. మొక్కు కుట్లు మానాక డాక్టరునడిగి తీర్చుకోవచ్చు.