కెంటకీ పూర్వీకుడి జాడ భూమి కాగితాలలోనే దొరుకుతుంది

మీ భర్తగారి తరఫు పూర్వీకుడొకరు 1780లలో వర్జీనియా నుంచి కెంటకీ అడవులలోకి వలస వెళ్లారని ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. ఆయన తల్లిదండ్రులెవరో పాత రికార్డుల ద్వారా ఎలా తెలుసుకోవాలని, ఇంటర్నెట్‌లో కనిపించే వంశవృక్షాలను ఎంతవరకు నమ్మవచ్చని అడిగారు. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. ఒక్కొక్క తరానికి ఒక్కొక్క కాగితం చూపించలేని వంశవృక్షాన్ని అసలు నమ్మవద్దు. ఇక మొదటి ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: భూమి కాగితాలు పట్టుకోండి. ఉద్యోగ జీవితమంతా ఆంధ్రలో సర్వే, భూమి రికార్డుల శాఖలో గడిపి, రిటైరైన తరువాత లెక్సింగ్టన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వచ్చిపోతూ, కెంటకీవాడైన మా అల్లుడి వంశాన్ని వెతికిన అనుభవంతో ఈ మాట అంటున్నాను. మనిషి పేరును, వయసును, పుట్టిన ఊరును రాసేవారు ఎలాగైనా రాసి ఉండవచ్చు గాని, తన పొలం హద్దుల విషయంలో ఏ కాలంలోనూ ఏ దేశంలోనూ ఎవడూ ఏమరుపాటుగా ఉండడని నా దృఢమైన నమ్మకం.

కెంటకీ 1792 జూన్ 1న ప్రత్యేక రాష్ట్రం అయ్యేవరకు వర్జీనియాలో భాగం. 1779లో వర్జీనియా చేసిన భూమి చట్టం ప్రకారం, 1778 జనవరి 1కి ముందే అక్కడ ఏడాది కాపురం ఉన్నవారికి గాని, ఒక పంట మొక్కజొన్న పండించినవారికి గాని 400 ఎకరాల మీద హక్కు, దానిని ఆనుకుని మరో 1,000 ఎకరాలను ఇతరులకంటే ముందుగా కొనుక్కునే హక్కు లభించాయి. ఈ హక్కులను తేల్చడానికి నియమించిన కమిషనర్లు 1779-80 చలికాలంలో వలసవారు రక్షణకు కట్టుకున్న హారడ్స్‌బర్గ్, బూన్స్‌బరో వంటి కోటలకు వెళ్లి సాక్ష్యాలు విన్నారు. ఆ తరువాత వారంటు (ఇంత భూమి పొందవచ్చనే అనుమతి), ఎంట్రీ (ఎంచుకున్న చోటు నమోదు), సర్వే (కొలత), గ్రాంటు (పట్టా) అని నాలుగు మెట్లు ఉండేవి, ప్రతి మెట్టు దగ్గరా ఒక కాగితం పుట్టేది. ప్రభుత్వం ముందుగా భూమిని కొలిచి కమతాలుగా విడగొట్టి ఇవ్వలేదు కనుక, ఎవరికి నచ్చిన చోటును వారు గుర్తుపెట్టుకుని తరువాత కొలిపించుకున్నారు. దాంతో ఒకరి కొలతలలోకి మరొకరి పొలం వచ్చి, ఏళ్ల తరబడి వ్యాజ్యాలు నడిచాయి. కెంటకీకి వలసదారులను నడిపించిన ప్రసిద్ధుడు డేనియల్ బూన్ అంతటివాడు, స్వయంగా సర్వేలు చేసినవాడు, కెంటకీలో తన భూములు దాదాపు అన్నీ పోగొట్టుకుని 1799లో మిస్సోరీకి తరలిపోయాడు. ఆనాటి కుటుంబాలకు అది తీరని కష్టమే. వెతికేవారికి మాత్రం ఆ వ్యాజ్యాలలోని వాఙ్మూలాలు వెలకట్టలేనివి. ఫలానావాడు ఏ సంవత్సరం వచ్చాడు, ఎవరితో కలిసి వచ్చాడు, ఏ వాగు పక్కన ఏ చెట్టు మీద తన పేరులోని అక్షరాలు చెక్కాడు అనే సంగతులను ఇరుగుపొరుగువారు ప్రమాణం చేసి చెప్పారు.

చాలామంది జనాభా లెక్కలతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. కెంటకీకి సంబంధించి 1790, 1800 జనాభా లెక్కల పత్రాలు మిగలలేదు. ఆ తరువాతి వాటిలోనూ 1840 వరకు ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటుంది, ఇంట్లోని స్వతంత్రులందరి పేర్లనూ మొదటిసారి రాసింది 1850లో. ఈ లోటును తీర్చేవి ఏటేటా తయారైన పన్ను జాబితాలు. 21 ఏళ్లు దాటిన మగవారు ఎందరు, గుర్రాలు ఎన్ని, భూమి ఏ వాగు మీద ఉంది అన్నవే కాక, 1790ల జాబితాలలో ఆ భూమి మొదట ఎవరి పేరున ఎంట్రీ అయింది, ఎవరి పేరున సర్వే అయింది, గ్రాంటు ఎవరికి వచ్చింది అన్న వివరాలు కూడా చాలా చోట్ల దొరుకుతాయి. వరుసగా ఏళ్ల తరబడి ఈ జాబితాలు చదివితే, ఒక ఇంట్లో రెండో వయోజనుడు కనిపించిన ఏడాది ఒక కొడుక్కు 21 నిండి ఉంటాయని, తండ్రి పేరు పోయి తల్లి పేరు వచ్చిన ఏడాది ఆయన చనిపోయి ఉంటాడని తెలుస్తుంది.

కౌంటీల (మన జిల్లాల వంటివి) చరిత్ర తెలియకుండా మాత్రం అడుగు ముందుకు వేయకండి. మా అల్లుడి పూర్వీకుల పొలం స్లేట్ క్రీక్ అనే వాగు ఒడ్డున, నేటి బాత్ కౌంటీలో ఉంది. పొలం అంగుళం కూడా కదలలేదు గాని, ఆ ప్రాంతం 1780లో ఫయెట్ కౌంటీ, 1786 నుంచి బర్బన్, 1793 నుంచి క్లార్క్, 1797 నుంచి మాంట్‌గొమరీ, 1811 నుంచి బాత్. మా అల్లుడి బంధువులు రెండు తరాలుగా బాత్ కౌంటీ పుస్తకాలు మాత్రమే తిరగేసి, అంతకు ముందు ఏమీ లేదని తేల్చేశారు. పైగా అంతర్యుద్ధ కాలంలో కెంటకీలో ఎన్నో కోర్టు భవనాలు తగలబడ్డాయి గనుక, ఆ మంటలను కారణంగా చెప్పి వెతకడం మానేసినవారు ఇక్కడ కొల్లలు. సర్వే, గ్రాంటు పత్రాలు కౌంటీలో కాక రాష్ట్ర రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని భూమి కార్యాలయంలో ఉంటాయి, వాటి ప్రతులను ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో ఉచితంగా చూడవచ్చు.

మా అల్లుడి వంశంలో అసలు చిక్కు ఏమిటంటే, 1790ల పన్ను జాబితాలలో ఆయన పూర్వీకుడి పేరుతోనే ఇద్దరు మనుషులు ఉన్నారు. కుటుంబంవారు ఎప్పుడో అచ్చువేయించుకున్న వంశచరిత్ర ఆ ఇద్దరినీ ఒక్కరిగా కలిపేసి, ఆయనను ఇంగ్లండులోని ఒక కోటకు వారసుడిని చేసింది. ఇంటర్నెట్ వంశవృక్షాలన్నీ దానినే ఎత్తి రాసుకున్నాయి. నేను ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి, సర్వే పత్రాన్ని అచ్చు తీసుకుని, అమ్మాయి వాళ్ల భోజనాల బల్ల మీద గ్రాఫు కాగితం, స్కేలు, కోణమానిని పరచుకుని కూర్చున్నాను. వాగు ఒడ్డున రెండు హికరీ చెట్లు, ఒక షుగర్ మేపుల్ చెట్టు ఉన్న మూల దగ్గర మొదలై, ఉత్తరం నుంచి తూర్పుకు 40 డిగ్రీల దిశలో 160 పోళ్లు నడిచి, వాగు దాటి, ఒక తెల్ల ఓక్ చెట్టు దగ్గర తిరుగుతుంది దాని మొదటి గీత. పోలు అంటే పదహారున్నర అడుగులు, నాలుగు పోళ్లు కలిస్తే 66 అడుగుల గంటర్ గొలుసు. మన రెవెన్యూ సర్వేలో తరతరాలుగా పొలాలు కొలిచిన గొలుసు అదే, 1,000 చదరపు లింకులకు ఒక సెంటు అనే మన లెక్కా దాని నుంచి వచ్చిందే. అందువల్ల రెండు వందల ఏళ్ల కిందటి ఆ కొలతలు నాకు ఏమాత్రం కొత్తగా అనిపించలేదు. గీతలన్నీ గీసి చివరి మూల మొదటి మూలకు కలిసేసరికి 400 ఎకరాల దీర్ఘచతురస్రం వాగుకు అడ్డంగా వచ్చింది, పక్క పొలాల సర్వేలను కూడా గీస్తే ఒకదాని అంచు ఒకదానికి సరిపోయింది.

పటం కింద సర్వేయరు సంతకం తరువాత గొలుసు పట్టి కొలిచిన చైన్‌మన్లు ఇద్దరి పేర్లు, చెట్లకు గంట్లు పెట్టిన మార్కరు పేరు ఉన్నాయి. వంశం వెతికేవారు ఎక్కువగా దాటిపోయే వరుస ఇదే, నా దృష్టిలో ఆ కాగితం మొత్తంలో విలువైన వరుస కూడా ఇదే. ఏ పొద నుంచి ఎప్పుడు తుపాకీ పేలుతుందో తెలియని ఆ అడవిలో గొలుసు పట్టుకుని నడవడానికి ముక్కూమొహం తెలియనివాడు ఎందుకు వస్తాడు? తమ్ముడు వస్తాడు, బావమరిది వస్తాడు, పక్క పొలం వాడు వస్తాడు. మా పత్రంలోని మొదటి చైన్‌మన్ పక్క పొలం యజమానే. రెండోవాడి ఇంటిపేరు ఆ ప్రాంతంలో ఇంకెక్కడా కనిపించనిది.

తరువాత క్లార్క్ కౌంటీ దస్తావేజుల పుస్తకంలో ఈ 400 ఎకరాలలో కొంత భాగం అమ్మిన పత్రం దొరికింది. పేరుకూ ఇంటిపేరుకూ మధ్య అమ్మినవాడి నిశానీ ఉంది, అడ్డుగీత లేని ఏడు అంకెలాంటి గుర్తు. దస్తావేజును నకలు రాసిన గుమస్తా, అసలులో ఉన్న ఆ గుర్తును కూడా జాగ్రత్తగా దించాడు. అదే పేరుగల రెండో మనిషి దస్తావేజులలో చివర నిండు సంతకం ఉంటుంది. వేలు విడిచిన చుట్టరికం కూడా లేని ఇద్దరు మనుషులు అక్కడ విడిపోయారు, దానితోపాటే ఇంగ్లండు కోట కూడా మా అల్లుడి వంశం నుంచి విడిపోయింది. ఆ దస్తావేజు చివర భార్య తన హక్కును వదులుకుంటున్నట్టు రాసిన భాగం మరీ ముఖ్యమైనది. ఆ రోజుల్లో భర్త భూమి అమ్మితే, అధికారులు భార్యను భర్తకు దూరంగా తీసుకువెళ్లి, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నావా అని అడిగి రాసుకునేవారు. మరే కాగితంలోనూ లేని ఆమె పేరు ఆ విధంగా బయటపడింది.

వర్జీనియాలో ఏ కౌంటీ నుంచి వచ్చారన్నది చెప్పినవాడు ఆ పక్క పొలం మనిషి. స్వాతంత్ర్య యుద్ధంలో ఆరు నెలలైనా పనిచేసినవారికి పింఛను ఇస్తూ 1832 జూన్ 7న చట్టం వచ్చింది. దరఖాస్తు పెట్టిన వృద్ధులు కోర్టులో నిలబడి, ఎక్కడ ఏ సంవత్సరం పుట్టారు, వయసుకు రుజువేమిటి, సైన్యంలో చేరినప్పుడు ఎక్కడ ఉన్నారు, తరువాత ఎక్కడెక్కడ నివసించారు అనే ప్రశ్నలకు జవాబు చెప్పేవారు. మా అల్లుడి పూర్వీకుడు అప్పటికే చనిపోయాడు గాని, గొలుసు పట్టిన పొరుగువాడు బతికే ఉన్నాడు, తాను ఆగస్టా కౌంటీ నుంచి వచ్చానని చెప్పాడు. స్టాంటన్‌లో ఉండే ఆగస్టా కౌంటీ రికార్డులు 1745 నుంచి ఉన్నాయి. అక్కడ రెండో చైన్‌మన్ తండ్రి వీలునామాలో, దస్తావేజులో కనిపించిన పేరుగల కూతురు, ఆమె భర్తగా మా అల్లుడి పూర్వీకుడి పేరు కనిపించాయి. అంటే గొలుసు పట్టిన రెండోవాడు బావమరిదే. మా అల్లుడి పూర్వీకుడు, తన తండ్రి చనిపోయాక ఆయన భూమిలోని తన వాటాను అమ్మిపెట్టమని కెంటకీ నుంచి అన్నకు రాసిచ్చిన అధికార పత్రం కూడా అక్కడి పుస్తకంలో ఉంది. తండ్రి పేరు అందులో స్పష్టంగా ఉంది, చివర అదే అడ్డుగీత లేని ఏడు ఉంది. ఆ పుట చూసినప్పుడు నా చేతులు వణికాయి.

కల్పిత వంశచరిత్రల మీద నాకు చాలా కోపం ఉంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో గుస్తావ్ ఆంజూ అనే వ్యక్తి డబ్బున్న అమెరికన్ కుటుంబాలకు దొంగ వంశవృక్షాలు తయారుచేసి అమ్మాడు, వాటి నుంచి ఎత్తిరాసినవి ఇప్పటికీ చలామణీలో ఉన్నాయి. ఓడ దిగిన ముగ్గురు అన్నదమ్ముల కథ, ఆదివాసీ తెగ నాయకుడి కూతురిని పెళ్లాడిన తాత కథ కూడా ఏ కాగితమూ లేకుండా వందల కుటుంబాలలో అదే మాటలతో వినిపిస్తాయి. నిశానీ పెట్టిన రైతు తాతగా ఉండటంలో లోటేమిటో నాకు అర్థం కాదు.

అంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. ఆ పూర్వీకుడు చనిపోయాక తయారైన ఆస్తి జాబితాలో గుర్రాలు, నాగళ్లు, ఈకల పరుపుల మధ్య ఒక తల్లి పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, వారికి కట్టిన ధర రాసి ఉన్నాయి. కుటుంబ పుస్తకంలో ఆ ముగ్గురి ప్రస్తావన లేదు. 1850, 1860 బానిసల జాబితాలలో యజమాని పేరే ఉంటుంది గాని వారి పేర్లు సాధారణంగా ఉండవు. జనాభా లెక్కలలో వారందరూ పేరుతో కనిపించేది 1870లో మాత్రమే. అందువల్ల వారి సంతతివారు అంతకు ముందరి తరాలను కనుక్కోవాలంటే ఇటువంటి ఆస్తి జాబితాలే చాలాసార్లు ఏకైక దారి. మీకు కూడా అటువంటి జాబితా దొరికితే, ఆ పేర్లన్నీ విడవకుండా రాసి, ఏ కౌంటీ ఏ పుస్తకం ఏ పుట అన్నది పక్కన పెట్టి, అందరూ చూడగలిగే చోట ఉంచమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మా అల్లుడు ఆ పని చేశాడు, మా మనవడు రాస్తున్న కుటుంబ చరిత్రలో కూడా ఆ ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

మీ పూర్వీకుడికి సొంత భూమి లేకపోతే ఎలా అని మీకు సందేహం రావచ్చు, ఎందుకంటే కౌలుకు చేసుకున్నవారు, హక్కు లేకుండా సాగుచేసి వెళ్లగొట్టబడినవారు అక్కడ ఎందరో ఉన్నారు. అప్పుడు కూడా భూమి కాగితాలే చూడాలి గాని, పక్కవారివి చూడాలి: ఎవరి సర్వేలో గొలుసు పట్టాడు, ఎవరి దస్తావేజుకు సాక్షిగా ఉన్నాడు, ఎవరి వ్యాజ్యంలో వాఙ్మూలం ఇచ్చాడు అని. వాటికి తోడు, లైమన్ డ్రేపర్ అనే ఆయన 19వ శతాబ్దంలో సేకరించిన, దాదాపు 500 సంపుటాల పత్రాలు విస్కాన్సిన్ రాష్ట్ర చారిత్రక సంఘంలో ఉన్నాయి. 1840లలో జాన్ షేన్ అనే పాద్రీ కెంటకీలోని వృద్ధుల దగ్గర కూర్చుని రాసుకున్న జ్ఞాపకాలు కూడా వాటిలో చేరాయి. వాటి మైక్రోఫిల్ములు అమెరికాలోని చాలా పెద్ద గ్రంథాలయాలలో దొరుకుతాయి. సూచికలో మీ పూర్వీకుడి పేరు కనిపించకపోతే అక్కడితో వదిలేయకుండా, ఆయన తలదాచుకున్న కోట పేరుతోను, ఆ వాగు పేరుతోను వెతకండి.