రేపటి పనికి 'హావ్' ఎందుకు? పాఠకుల ఇంగ్లీష్ సందేహాలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండీ. 'ఐ విల్ కాల్ యూ వెన్ ఐ హావ్ ఫినిష్డ్ ద వర్క్' అనే వాక్యం చదివాను. పని ఇంకా అవ్వలేదు, రేపు అవుతుంది, మరి 'విల్ హావ్ ఫినిష్డ్' అని కదా ఉండాలి? ఇంకోటి, 'ఆఫ్టర్' వచ్చిందంటే పక్కన 'హాడ్' పెట్టి తీరాలని చదువుకునే రోజుల్లో చెప్పారు, ఇప్పుడు నాతో పనిచేసేవాళ్ళేమో అక్కర్లేదు అంటున్నారు. ఏది కరెక్ట్?

జవాబు: ముందు విల్ సంగతి తేల్చేద్దాం అండీ. వెన్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, వన్స్, యాజ్ సూన్ యాజ్, ఇలాంటివి ఒక పని ఎప్పుడు జరుగుతుందో చెప్పడానికి వచ్చినప్పుడు వాటి వెనకాల ఉండే ఉపవాక్యంలో విల్ పెట్టరు, రేపటి గురించే మాట్లాడుతున్నా సరే. ఇది భవిష్యత్తు అని 'ఐ విల్ కాల్ యూ' ముందే చెప్పేసింది కాబట్టి రెండోసారి చెప్పక్కర్లేదు. మీరు అనుకున్న 'విల్ హావ్ ఫినిష్డ్' లోంచి విల్ తీసేయండి, మిగిలేది 'హావ్ ఫినిష్డ్', మీరు చదివింది అదే. 'ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్' లో విల్ ఉంది కదా అని అడగొచ్చు, అక్కడ వెన్ అనేది ప్రశ్న, ఎప్పుడొస్తాడో తెలీదు అని, అందుకని అక్కడ విల్ ఉండొచ్చు.

సరే, మరి 'వెన్ ఐ ఫినిష్' అంటే తప్పా? కాదు, అదీ రైటే, ఫినిష్ అనే మాటలోనే అయిపోవడం ఉంది కాబట్టి పెద్ద తేడా రాదు. కొంత టైమ్ పట్టే పనుల దగ్గర మాత్రం తేడా బాగా తెలుస్తుంది. 'వెన్ ఐ రీడ్ ద లెటర్, ఐ విల్ టెల్ యూ' అంటే ఉత్తరం చదువుతుండగా చెప్తావా, చదివాక చెప్తావా అన్నది తేలదు, 'వెన్ ఐ హావ్ రెడ్ ద లెటర్' అంటే మొత్తం చదివేశాకే అని ఖాయమైపోతుంది. అదే 'వెన్ హీ అరైవ్స్' లాంటి చోట రావడం అనేది ఒక్క క్షణంలో అయిపోయేది, అక్కడ మామూలు ప్రెజెంట్ టెన్స్ హాయిగా సరిపోతుంది, హావ్ ఇరికించక్కర్లేదు.

నన్నడిగితే పెర్ఫెక్ట్ టెన్స్‌ని రూల్స్ లిస్టుగా బట్టీ పట్టించడమే మనకి జరిగిన పెద్ద నష్టం. హాన్స్ రైకెన్‌బాఖ్ అనే జర్మన్ తత్వవేత్త 1947లో ఈ టెన్స్‌లన్నిటినీ మూడు బిందువులతో వివరించాడు: మనం మాట్లాడే సమయం, పని జరిగిన సమయం, ఆ పనిని మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో ఆ సమయం. ఈ మూడోదే అసలు తాళంచెవి. పెర్ఫెక్ట్ అంటే ఒకచోట నిలబడి వెనక్కి తిరిగి, అప్పటికే అయిపోయినదాన్ని చూడటం. ఇప్పుడు నిలబడి చూస్తే హావ్, గతంలో ఒకచోట నిలబడి ఇంకా వెనక్కి చూస్తే హాడ్. మీ వాక్యంలో నిలబడిన చోటు రేపు ఫోన్ చేసే క్షణం, అక్కడినుంచి చూస్తే పని అప్పటికే అయిపోయి ఉంటుంది.

ఇక ఆఫ్టర్. 'ఆఫ్టర్ షీ లెఫ్ట్, హీ లాక్డ్ ద డోర్' అన్నా, 'ఆఫ్టర్ షీ హాడ్ లెఫ్ట్' అన్నా రెండూ కరెక్టే. ఏది ముందు ఏది తర్వాత అన్నది ఆఫ్టరే చెప్పేస్తోంది కాబట్టి హాడ్ తప్పనిసరి కాదు, పెడితే తప్పూ కాదు. వరస ఉపవాక్యంలోని మాటల వల్ల తెలియనప్పుడే హాడ్ నిజంగా అవసరం. 'వెన్ షీ శాంగ్, షీ శాట్ డౌన్' అంటే పాడుతూ కూర్చుందేమో అనిపిస్తుంది, 'వెన్ షీ హాడ్ సంగ్ హర్ సాంగ్, షీ శాట్ డౌన్' అంటే పాట అయ్యాక కూర్చుంది. అలాగే 'హీ వాజ్ టైర్డ్ బికాజ్ హీ హాడ్ వాక్డ్ ఆల్ డే', బికాజ్ కారణం చెప్తుంది గానీ వరస చెప్పదు, అందుకే ఇక్కడ హాడ్ బాగా కుదురుతుంది.

ముందు జరిగినదానికి హాడ్, తర్వాత జరిగినదానికి మామూలు పాస్ట్ అని నేర్చుకున్నవాళ్ళు తికమక పడేది బిఫోర్ దగ్గర. 'షీ లెఫ్ట్ బిఫోర్ ఐ హాడ్ ఫినిష్డ్ మై సెంటెన్స్' చూడండి, ముందు జరిగింది ఆవిడ వెళ్ళిపోవడం, కానీ హాడ్ వచ్చింది నా మాట పూర్తవ్వడం దగ్గర! పైగా నా మాట పూర్తయిందో లేదో కూడా తెలీదు, అసలు అవ్వకపోయి ఉండొచ్చు. రూల్ ప్రకారం ఇది తలకిందులు, అయినా ఇది చక్కటి ఇంగ్లీషే, ఎందుకంటే ఆవిడ వెళ్ళే క్షణంలో నిలబడి చూస్తే నా మాట ఇంకా 'పూర్తయిపోయిన' స్థితికి రాలేదు అని హాడ్ చెప్తోంది. అంటిల్ కూడా ఇలాంటిదే, 'హీ వెయిటెడ్ అంటిల్ ఎవ్రీవన్ హాడ్ లెఫ్ట్' అంటే అందరూ వెళ్ళిపోవడం పూర్తయ్యేదాకా ఆగాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, వెనక్కి చూడటానికి గతంలో ఇంకో చోటు లేనప్పుడు హాడ్ వాడకండి. 'ఐ హాడ్ గాన్ దేర్ ఎస్టర్డే' అని ఊరికే చెప్పి వదిలేస్తే వినేవాళ్ళు తర్వాతి మాట కోసం ఎదురుచూస్తారు, వెళ్ళావు సరే, ఆ తర్వాత ఏమైంది అని. అలాంటప్పుడు 'ఐ వెంట్ దేర్ ఎస్టర్డే' చాలు.

ప్రశ్న: సిన్స్ తర్వాత పాస్ట్ టెన్సే రావాలా? 'సిన్స్ ఐ హావ్ బీన్ హియర్' అని విన్నాను, తప్పేమో అనిపించింది.

జవాబు: తప్పు కాదండీ, అర్థం వేరు. 'సిన్స్ ఐ వాజ్ హియర్' అంటే ఇదివరకు ఇక్కడ ఉన్నాను, తర్వాత వెళ్ళిపోయాను, అప్పట్నుంచి అని. 'సిన్స్ ఐ హావ్ బీన్ హియర్' అంటే ఇక్కడికి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను, వచ్చినప్పట్నుంచి అని. అంటే మొదటిది ఉండటం ముగిసిన దగ్గర్నుంచి లెక్కపెడుతుంది, రెండోది మొదలైన దగ్గర్నుంచి. 'సిన్స్ హీ లెఫ్ట్' లాంటి ఒక్కసారి జరిగిపోయే పనులకైతే మామూలు పాస్టే.

ప్రశ్న: 'ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్' అనొచ్చా?

జవాబు: అమెరికన్ల మాటల్లో వినిపిస్తుంది గానీ రాతలో, పరీక్షల్లో 'ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్' అనే రాయండి. ఇక్కడ హాడ్ వచ్చింది వరస చెప్పడానికి కాదు, అలా జరగలేదు, నాకు తెలీదు అని చెప్పడానికి. 'ఐ విష్ ఐ హాడ్ నోన్' లో ఉన్నదీ ఇదే హాడ్.

ప్రశ్న: 'దిస్ ఈజ్ ద ఫస్ట్ టైమ్ ఐ యామ్ సీయింగ్ దిస్' సరైనదేనా?

జవాబు: మన దగ్గర చాలామంది అలాగే అంటారు, అర్థమూ అవుతుంది. అయితే పుస్తకాల ఇంగ్లీషులో 'ఐ హావ్ సీన్' అని రాస్తారు, ఎందుకంటే ఇప్పటిదాకా గడిచిన కాలమంతా కలిపి చూస్తే ఇదే మొదటిసారి అని లెక్క. ఈజ్ బదులు వాజ్ వస్తే హావ్ కాస్తా హాడ్ అవుతుంది, 'ఇట్ వాజ్ ద ఫస్ట్ టైమ్ ఐ హాడ్ సీన్ ఇట్'.