బెంగళూరులో బాగా తిరిగిన గ్లో ఇంజన్ విశాఖలో ఎగరగానే ఎందుకు ఆగిపోతోంది?

మీరు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: మీ మోడల్ విమానానికి 46 సైజు (0.46 ఘనపు అంగుళాల) టూ స్ట్రోక్ గ్లో ఇంజన్ (కాలి మెరిసే తీగ ఉన్న ప్లగ్గుతో మిథనాల్ ఇంధనాన్ని మండించేది), రెండు నీడిళ్ల (ఇంధనాన్ని అదుపు చేసే సూది స్క్రూల) కార్బురెటర్. బెంగళూరులో నిక్షేపంగా ఎగిరేది. విశాఖకు మారాక నేల మీద బ్రహ్మాండంగా తిరుగుతుంది కానీ, గాలిలోకి లేచి ముక్కు పైకెత్తిన కాసేపటికి టక్కున ఆగిపోతోంది. దుకాణంలో చూపిస్తే పిస్టన్, లైనర్ మార్చాలన్నారు.

డబ్బు అప్పుడే ఖర్చు పెట్టకండి. పిస్టన్ అరిగిన ఇంజన్ వేడెక్కాక నేల మీద కూడా నీరసపడుతుంది, మళ్లీ స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. మీది అలా లేదు. మీ ఇంజన్ లీన్‌గా తిరుగుతోంది, అంటే లోపలికి వెళ్లే గాలికి తగినంత ఇంధనం అందడం లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడి గాలి తీరప్రాంతపు గాలి కంటే సుమారు 8 శాతం పలచన. అక్కడ సరిపోయిన నీడిల్‌తోనే ఇక్కడ తిప్పితే సిలిండర్‌లోకి గాలి ఎక్కువ చేరుతుంది, ఇంధనం ఆ మేరకు పెరగదు. విశాఖ ఉక్కపోత ఈ తేడాను కొంత తగ్గిస్తుంది. వేడి గాలి, తేమ గాలి రెండూ తేలికే కదా. అందుకే మిట్టమధ్యాహ్నం ఫరవాలేదనిపించిన సెట్టింగు డిసెంబరు ఉదయం చల్లగాలిలో దెబ్బ కొడుతుంది. నేను విశాఖలోనూ హైదరాబాదులోనూ ఎగరేస్తుంటాను. హైదరాబాదు ఎత్తు 500 మీటర్ల పైచిలుకు మాత్రమే, అయినా ఊరు మారిన ప్రతిసారీ నీడిల్ రెండు మూడు క్లిక్కులు కదపక తప్పడం లేదు.

మరి నేల మీద బాగుండి గాలిలో ఎందుకు ఆగుతోంది? ట్యాంకు ఇంజన్ వెనుక ఉంటుంది. ముక్కు పైకెత్తితే ఇంధనం ఆ ఎత్తంతా పైకి ఎక్కి కార్బురెటర్‌ను చేరాలి. సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం ఒత్తిడి ఇచ్చి సాయం చేస్తుంది కానీ, అది పూర్తిగా సరిపోదు. పైగా ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ఇంధనం మట్టం దిగిపోతుంది. గాలిలో ప్రొపెల్లర్‌పై భారం తగ్గి ఇంజన్ నేల మీదకంటే వేగంగా తిరుగుతుంది. ఇవన్నీ మిశ్రమాన్ని లీన్ వైపే నెడతాయి. నేల మీద చెవికి అత్యంత ఇంపుగా వినిపించే సెట్టింగు గాలిలో ఇంజన్‌ను చంపే సెట్టింగు. నా దృష్టిలో కొత్తవాళ్ల ఇంజన్లు ఎక్కువగా పాడయ్యేది దీనివల్లే.

గ్లో ఇంజన్‌లో మరో చిక్కు ఉంది. నూనె మిథనాల్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ఇంధనం తగ్గితే కందెన కూడా తగ్గుతుంది. ఆవిరవుతూ సిలిండర్‌ను చల్లబరిచేదీ ఆ మిథనాలే. లీన్ అయిన ఇంజన్ అందుకే ఒకేసారి వేడెక్కుతుంది, ఎండిపోతుంది. ఇలాగే ఎగరేస్తూ పోతే దుకాణం వాళ్ల మాట నిజమై కూర్చుంటుంది.

ఇక సరిచేసే పద్ధతి. ముందు హై నీడిల్ (థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పటి ఇంధనానికి), ఆ తర్వాతే లో నీడిల్ (ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ దాదాపు మూసి నెమ్మదిగా తిరిగేటప్పటి ఇంధనానికి). ఈ వరుస తప్పితే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు. లో నీడిల్‌ను ప్రస్తుతానికి ముట్టుకోకండి. హై నీడిల్‌ను ఇప్పుడున్న చోటు నుంచి అర చుట్టు తెరిచి స్టార్ట్ చేయండి. ఇంజన్ కాస్త వేడెక్కనిచ్చి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ప్రొపెల్లర్ వెనుక వైపు నుంచి మాత్రమే చెయ్యి పెట్టి నీడిల్‌ను ఒక్కో క్లిక్కు మూయండి. ప్రతి క్లిక్కుకూ రెండు మూడు సెకన్లు ఆగి వినాలి. మొదట పొగతో, బొంగురుగా, ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లా కొట్టుకుంటుంది. మూస్తూ పోతే శబ్దం సన్నబడి సాఫీ అవుతుంది, ఇంకా మూస్తే వేగం పెరగడం ఆగిపోతుంది. అదే గరిష్ఠం. అక్కడ ఆగకుండా, ట్యాకోమీటర్‌లో నిమిషానికి 300 చుట్ల దాకా తగ్గేలా నీడిల్‌ను వెనక్కి తెరవండి. ఆ మీటర్ లేకపోతే ఇంధన గొట్టాన్ని వేళ్లతో చిటికెలో నొక్కి వదలండి. వేగం ఒక్క క్షణం పెరిగి మామూలైతే సరిగా ఉంది. పెరగకుండా కుంగితే ఇంకా లీన్‌గానే ఉంది.

ఇప్పుడు మీరు అసలు చేయాల్సిన పరీక్ష. తోడుగా ఉన్నవారిని మోడల్‌ను గట్టిగా పట్టుకుని, ఫుల్ థ్రాటిల్‌లో ముక్కు ఆకాశానికి ఎత్తమనండి. పది సెకన్ల పాటు వేగం కొద్దిగా పెరగాలి, లేదా అలాగే నిలవాలి. కుంగిందంటే మరో రెండు క్లిక్కులు తెరిచి మళ్లీ చూడండి. ఇది నెగ్గని ఇంజన్‌తో నేను రన్‌వే మీదికి వెళ్లను, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

లో నీడిల్ సంగతి చిన్నదే. అరనిమిషం ఐడిల్‌లో ఉంచి థ్రాటిల్ ఒక్కసారిగా తెరవండి. గురగురలాడి, పొగ కక్కి, తడబడుతూ లేస్తే ఐడిల్ రిచ్ (ఇంధనం ఎక్కువ), లో నీడిల్‌ను ఎనిమిదో వంతు చుట్టు మూయాలి. ఏ పొగా లేకుండా ఠక్కున చచ్చిపోతే లీన్, అంతే తెరవాలి. ఇది చదువుతున్న వేరేవారి కార్బురెటర్‌కు ముందు భాగంలో చిన్న గాలి రంధ్రం, దాని మీద స్క్రూ ఉంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. ఆ స్క్రూ గాలిని ఆపుతుంది, ఇంధనాన్ని కాదు. దాన్ని మూస్తే రిచ్, తెరిస్తే లీన్.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో నేను నేర్చుకున్నది డీజిల్ మోడల్ ఇంజన్ల మీద. ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనం, నెత్తి మీద కంప్రెషన్ స్క్రూ. అక్కడ చెవి ఒక్కటే మీటర్. ఇప్పటికీ ట్యాకోమీటర్ అంకె కంటే ముందు శబ్దాన్నే నమ్ముతాను, అది మీకూ త్వరగానే పట్టుబడుతుంది.

ఒక హెచ్చరిక. మిథనాల్ మంట ఎండలో కంటికి కనబడదు. ఒలికిన ఇంధనం ఆరకుండా స్టార్ట్ చేయకండి, ప్రొపెల్లర్ తిరిగే తలానికి ఎదురుగా గానీ పక్కగా గానీ ఎవరినీ నిలబడనివ్వకండి.

ఇంత చేసినా నీడిల్ ఏ చోటా కుదురుగా నిలవకపోతే గాలి ఎక్కడో దొంగచాటుగా దూరుతోందన్నమాట. ఇంధన గొట్టంలో బుడగలు కనిపిస్తున్నాయేమో చూడండి. ట్యాంకు లోపలి గొట్టం బీటలు, కార్బురెటర్ కింద ఉన్న రబ్బరు ‘ఓ-రింగు’, వెనుక మూత గ్యాస్కెట్, ఈ మూడింటిలో ఒకటి దొరుకుతుంది. ట్యాంకు మధ్యరేఖ కార్బురెటర్‌లో ఇంధనం చిమ్మే గొట్టానికి సమంగా, లేదా కొద్దిగా కిందకు ఉండాలి. చుట్టూ స్పాంజి లేకపోతే ఇంజన్ అదురుకు ఇంధనం నురగలు కడుతుంది, అదీ లీన్‌గానే కనిపిస్తుంది. ఇంకో అనుమానం: బెంగళూరు నుంచి తెచ్చుకున్న డబ్బానే వాడుతున్నారా? మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, సముద్రం పక్కన మరీను. మూత బిగువుగా లేని పాత డబ్బా అయితే దాన్ని పక్కనపెట్టి, ముందు కొత్త ఇంధనంతో మొదలుపెట్టండి.